పదిహేడో నంబరు బోరన్న

మార్పువీరులు అని టీవీలో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. మొత్తం ఇరవై మంది మరమనుషులు. ఒకడు యుద్ధవిమానం అవుతాడు, ఒకడు పులి అవుతాడు, ఒకడు రైలింజను అవుతాడు. వాళ్ళ నాయకుడు వజ్రకేతు ఆకాశంలో మూడు పల్టీలు కొట్టి రూపం మార్చుకుంటుంటే పిల్లలు సోఫాల మీంచి దూకేవాళ్ళు. ఆ ఇరవై మందిలో పదిహేడో నంబరు బోరన్న. బోర్లు వేసే లారీగా మారతాడు, అంతే. సీరియల్ మొత్తంలో వాడు కనబడింది మూడంటే మూడుసార్లు. ఒకసారి నీళ్ళు తోడాడు. ఒకసారి వజ్రకేతు ఉపన్యాసం ఇస్తుంటే వెనకాల నిలబడ్డాడు. ఇంకోసారి కాలువకి గండి పడితే అందరితో పాటు మట్టి మోశాడు.

వాడి బొమ్మల్ని కొన్నవాళ్ళు లేరు. అనకాపల్లి దాటాక ఉన్న బొమ్మల ఫ్యాక్టరీ గోడౌన్‌లో బోరన్నలు అట్టపెట్టెల్లో అలాగే పడి ఉండేవారు. మందాకిని తన ప్రయోగానికి వాడిని ఎంచుకున్నది అందుకే. వజ్రకేతు మీద చెయ్యి వేస్తే పైనుంచి కేకలు వస్తాయి. బోరన్నని ఏం చేసినా అడిగేవాళ్ళు లేరు.

మందాకిని ఆ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో లోహాల ఇంజనీరు. ముప్ఫై ఆరేళ్ళ మనిషి. మాట తొందర, నడక తొందర, అన్నం తినడం మరీ తొందర. మూడేళ్ళు కిందా మీదా పడి ఆమె ఒక లోహం తయారుచేసి, దానికి ఎరుకలోహం అని పేరు పెట్టింది. మరుగుతున్న నీళ్ళలో వేస్తే అది చలిమిడి ముద్దలా మెత్తబడుతుంది. రబ్బరు తొడుగులు వేసుకుని చేత్తో ఎలా కావాలంటే అలా మలుచుకోవచ్చు. చల్లారితే ఉక్కులా గట్టిపడుతుంది. అంతవరకైతే వింతేమీ లేదు. చల్లారిన ముక్కకి సన్నటి తీగ తగిలించి కాస్త కరెంటు పంపితే, తనని మలిచిన చెయ్యి ఎలా కదిలిందో ఆ కదలికనంతా అది తనంతట తానే మళ్ళీ చేసి చూపిస్తుంది! చెయ్యి నొక్కిన చోట నొక్కుకుంటుంది, తిప్పిన చోట తిరుగుతుంది, ఆగిన చోట ఆగుతుంది.

మొదట యంత్రాలతో నేర్పించారు. పది మార్పులు కాకముందే పెళుక్కున విరిగేది. నలభై ముక్కలు అలా విరిగాక మందాకిని విసిగిపోయి అచ్చుల గదిలోంచి పోలినాయుడిని పిలిచింది.

పోలినాయుడికి అరవై దాటాయి. ఇరవై మంది మార్పువీరులకూ మొదటి నమూనాలు చెక్కతో చెక్కింది ఆయనే. ఆయన తొడుగులు వేసుకుని, ఆ వేడి ముద్దని రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు ఊరికే పట్టుకున్నాడు.

"ఇక్కడ ఇది ఒద్దంతన్నాదమ్మా," అన్నాడు, బొటనవేలు ఒకచోట ఆనించి. "బలంతం సేత్తే ఇరిగిపోద్ది. సుట్టూ తిరిగెల్లాలి."

ఆయన చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఆ సాయంత్రం మందాకిని కరెంటు మీట నొక్కినప్పుడు, బల్ల మీద జానెడు లారీ మెల్లగా కదిలింది. ముందు క్యాబిన్ రెండుగా విడిపోయింది. వెనక పడుకుని ఉన్న బోరు స్తంభం లేచి కుడిచెయ్యి అయింది. చక్రాలు లోపలికి ముడుచుకుని మోకాళ్ళయ్యాయి. బోరన్న లేచి నిలబడ్డాడు!

"లేచాడు! నాయుడు గారూ, లేచాడండీ!" అని మందాకిని కుర్చీ తన్నేసి గంతేసింది. ప్రయోగశాలలో ఉన్న ఏడుగురూ చప్పట్లు కొట్టారు. పోలినాయుడు మాత్రం వాడి మోకాలి కేసి చూసి, "ఎడంకాలు కూసింత బిగుసుకున్నాది," అని గొణిగాడు.

ఏడు వందలసార్లు మార్చి చూశారు. ఒక్క పగులు లేదు.

అయితే రెండు చిక్కులు మిగిలాయి. ఆ లోహంలో రెండు కదలికలకే చోటు. లారీ నుంచి మనిషి, మనిషి నుంచి లారీ. మూడోది నేర్పితే పాత రెండూ తుడిచిపెట్టుకు పోతాయి. రెండోది, పన్నెండు విడతలు పోత పోస్తే ఆ ఒక్క ముద్దే సరిగ్గా కుదిరింది. అదే ఎందుకు కుదిరిందో మందాకినికి ఇంకా అంతుపట్టలేదు.

ఇదంతా రెండేళ్ళ కిందటి మాట. ఏడు నెలల కిందట పోలినాయుడి చేతులు వణకడం మొదలుపెట్టాయి. డాక్టరు మాత్రలు రాశాడు, తగ్గేది కాదని కూడా చెప్పాడు. ఉలి పట్టుకుంటే చెక్క మీద గీతలు పడుతున్నాయి. ఆయన ఒక రోజు మధ్యాహ్నం తువ్వాలు భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

ఆయన సామాను పట్టుకెళ్ళడానికి భార్య సన్యాసమ్మ వచ్చింది. ఆ వేళకి మందాకిని బోరన్నని పరీక్షిస్తోంది. సన్యాసమ్మ గుమ్మంలోనే నిలబడిపోయి, లారీ మనిషిగా మారడం మొదటి నుంచి చివరిదాకా చూసింది.

"ఈయన సెయ్యే," అంది నెమ్మదిగా. "అల్లదిగో, ఆ తిప్పడం. నా పెళ్ళప్పుడు సిలక బొమ్మ సెక్కీసి ఇచ్చాడు. అప్పుడూ అలాగే తిప్పీవోడు."

ఆ తర్వాత ప్రతి శనివారం ఆమె సంతకి వెళ్ళి వస్తూ ప్రయోగశాలకి వచ్చేది. సంచి గుమ్మం దగ్గర పెట్టేది. ఒక్కసారి చూసేది. వెళ్ళిపోయేది. మందాకిని ఎంత పనిలో ఉన్నా సరే, ఆ వేళకి బల్ల ఖాళీ చేసి ఉంచేది.

ఒక మంగళవారం పొద్దున్న ఎనిమిదిన్నరకి మందాకినికి ఫోన్ వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీలో ఆమెతో చదివిన ఇస్మాయిల్. జీలుగుమెట్ట దగ్గర కొండ కింద కొత్తగా సొరంగం తవ్వుతుంటే అక్కడ పనిచేస్తున్నాడు. గొంతు బొంగురుపోయి ఉంది.

"మందా, పోయిన నెల నాకు చూపించావే, ఆ బొమ్మ. అది నాలుగంగుళాల పైపులో దూరుతుందా?"

"ఏమైంది ముందు చెప్పు."

"నిన్న సాయంత్రం పైకప్పు కూలింది. ఆరుగురు అవతల ఉండిపోయారు. బతికే ఉన్నారు. పైనుంచి ముప్ఫై ఎనిమిది మీటర్లు బోరు వేసి పైపు దింపాం. గాలి అందుతోందని ఊపిరి పీల్చుకునే లోపల మట్టి జరిగి, ముప్ఫై ఏడు మీటర్ల దగ్గర పైపు వంకర పోయింది. రెండు వేళ్ళ సందు మిగిలింది. అదీ బురదతో పూడిపోయింది. ఇనుప చువ్వ దింపితే వంకర దగ్గర ఆగిపోతోంది. పెద్ద మిషను పెడితే కొండ మళ్ళీ కదులుతుంది."

"పక్కనుంచి తవ్వుతున్నారా?"

"తవ్వుతున్నాం. రేపు మధ్యాహ్నానికి చేరతాం. లోపల గాలి ఈ సాయంత్రం దాకానే వస్తుంది."

మందాకిని కళ్ళు మూసుకుంది. రెండు వేళ్ళ సందు. వంకర. బురద. బొటనవేలంత లావు, నిలువెత్తు పొడుగు, లోపల బోలుగా ఉండే గొట్టం. వానపాములా సాగి, ముడుచుకుని, మళ్ళీ సాగి... లోహం సరిపోతుంది. కచ్చితంగా సరిపోతుంది! వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చింది. మూడో కదలిక నేర్పాలి. పాత రెండూ పోతాయి.

"వస్తున్నాను," అంది.

కంపెనీ పెద్ద భార్గవ హైదరాబాదులో ఉన్నాడు. శుక్రవారం అక్కడ పెద్ద ప్రదర్శన. బోరన్నకి వజ్రకేతు తొడుగు వేసి, వేదిక మీద వెయ్యి మంది ముందు మార్చి చూపించాలని ఏర్పాటు. ఆమె ఆయనకి ఫోన్ చేసి విషయం చెప్పింది.

"మందాకినీ, మూడేళ్ళ పని అది. మళ్ళీ పోత పోస్తే వస్తుందని రాసివ్వగలవా?"

"ఇవ్వలేనండీ."

"మరి? బొమ్మతో మనుషుల్ని కాపాడటం ఎక్కడైనా విన్నామా?"

"వినలేదండీ. పనిచెయ్యకపోతే తప్పు నాదని ఇప్పుడే రాసి పంపుతాను. కానీ అల్మారా తాళం నా దగ్గరే ఉంది, నేను తీస్తున్నాను."

తీసింది. బోరన్నని పాత చీర ముక్కలో చుట్టి, పక్కసీట్లో పెట్టుకుని కారు పోలినాయుడి ఇంటికి పోనిచ్చింది.

పోలినాయుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సన్యాసమ్మ ఆయన పక్కన కూర్చుని చోడి అంబలి తాగిస్తోంది. గిన్నె ఆమె పట్టుకుంటే, అంచు మీద ఆయన చెయ్యి ఊరికే ఆనించి ఉంది. మందాకినిని చూడగానే ఆయన ఆ చెయ్యి తువ్వాలు కిందికి లాక్కున్నాడు.

మందాకిని నిలబడే అంతా చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు. మూడోది నేర్పితే పాతవి పోతాయన్న మాట చెప్పేటప్పుడు మాత్రం సన్యాసమ్మ ముఖం వైపు చూడలేకపోయింది.

"ఈ సేతుల్తోనా?" పోలినాయుడు తువ్వాలు తీసి రెండు చేతులూ చాపి చూపించాడు. గాలికి ఆకులు ఆడినట్టు ఆడుతున్నాయి. "నానేటి సెయ్యగలనమ్మా? ఆరు పేనాలు. కుర్రోలు ఎవులైనా సెయ్యనీ."

"యంత్రాలు నేర్పినవి విరిగాయండీ, కుర్రవాళ్ళు నేర్పినవీ విరిగాయి, మీకు తెలుసు. అది ఎక్కడ వద్దంటుందో మీ చేతికే తెలుస్తుంది. నా చేతికి తెలీదు. రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, నాకు తెలీలేదు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "నా వొణుకు కూడా అది నేర్సీసుకుంటాది. అది నీకు ఎరికే గదా."

అవును, మందాకినికి ఎరికే. సన్యాసమ్మ అంబలి గిన్నె కింద పెట్టి లేచింది. లోపలికి వెళ్ళి ఆయన కళ్ళజోడు, ఉతికిన చొక్కా పట్టుకొచ్చింది.

"ఆ బొమ్మలో ఉన్నాది నీ పాత సెయ్యి. శనోరం శనోరం సూసొత్తన్నాను," అంది, చొక్కా గుండీలు పెడుతూ. "సూసింది సాలు. ఈ సెయ్యి నాతో ఇంట్లో ఉన్నాది కాదేటి? లెగు. ఆల కొంపల్లోనూ ఎవులో ఒకలు కూకుని ఉంటారు."

ఆయన భార్య ముఖంలోకి చూశాడు. లేచాడు.

మందాకిని, పోలినాయుడు జీలుగుమెట్ట చేరేసరికి పదకొండున్నర. కొండ మీద బోరు వేసిన చోట ఒకటే సందడి. జనరేటర్లు, కేబుళ్ళు, హెల్మెట్లు. దూరంగా అడ్డంగా కట్టిన తాడుకి అవతల ఆరుగురి ఇళ్ళవాళ్ళు నేల మీద కూర్చుని ఉన్నారు. ఇస్మాయిల్ పరిగెత్తుకొచ్చాడు. వేడినీళ్ళు ఎక్కడ అంటే కూలీలకి అన్నం వండే డేగిసా చూపించాడు. అప్పటికే ఎసరు మరుగుతోంది. బోరన్నని అందులో వేశారు.

వాడు ముందు కాళ్ళ దగ్గర మెత్తబడ్డాడు. తర్వాత భుజాలు. తర్వాత ముఖం. మందాకిని చూపు తిప్పుకోలేదు.

పోలినాయుడు తొడుగులు వేసుకుని ముద్దని పైకి తీశాడు. సన్నటి కర్ర మీద దాన్ని పరుస్తూ, దొర్లిస్తూ, సాగదీస్తూ బొటనవేలంత గొట్టం చేశాడు. తర్వాత మొదలైంది అసలు పని. తలని ముందుకి సాగదీయాలి. నడుము ఉబ్బించి పట్టు ఇవ్వాలి. తోక లాక్కోవాలి. మళ్ళీ తల. చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆయన పళ్ళ బిగువున పని చేసుకుపోతున్నాడు. నుదుటి చెమట కళ్ళలోకి కారుతుంటే మందాకిని తుడిచింది.

"ఇక్కడ ఒద్దంతన్నాది... ఉండుండు... సుట్టూ ఎల్దాం."

మధ్యమధ్య మరిగే నీళ్ళలో ముంచి మెత్తబరుస్తూ చేస్తే నలభై నిమిషాలు పట్టింది. చల్లటి నీళ్ళలో ముంచి తీసి, తీగ తగిలించి, మందాకిని మీట నొక్కింది.

గొట్టం తల ఎత్తింది. సాగింది. పట్టు తీసుకుంది. తోక లాక్కుంది. మళ్ళీ సాగింది. నడుస్తోంది! కానీ నున్నగా నడవడం లేదు. తల నుంచి తోకదాకా ఆగకుండా గడగడా వణుకుతోంది. బల్ల మీదున్న మేకులు ఆ వణుకుకి గలగలమన్నాయి.

చుట్టూ ఉన్నవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. పోలినాయుడు తలదించుకున్నాడు. "సెప్పాను గదమ్మా," అన్నాడు, వినపడీ వినపడనట్టు.

"మళ్ళీ నేర్పే వ్యవధి లేదు. దింపుదాం," అంది మందాకిని.

నైలాను తాడు, కరెంటు తీగ కట్టి పైపులోకి వదిలారు. ఇస్మాయిల్ తాడు మీద గుర్తులు చదువుతున్నాడు. పది మీటర్లు. ఇరవై. ముప్ఫై. ముప్ఫై ఏడు దగ్గర తాడు ఆగిపోయింది.

ఒక నిమిషం గడిచింది. రెండు. తాడు కదల్లేదు. ఇళ్ళవాళ్ళలోంచి ఎవరో ఆడమనిషి లేచి నిలబడింది.

అంతలో తాడు వేలెడు దిగింది.

"దిగింది!" అన్నాడు ఇస్మాయిల్. మళ్ళీ వేలెడు. మళ్ళీ. అతను పైపు మీద చెయ్యి ఆనించి, చటుక్కున మందాకిని వైపు తిరిగాడు. కళ్ళు ఇంతింతయ్యాయి. "మందా, వణుకు! పైపు దాకా తెలుస్తోంది చూడు. శ్లాబు పోసేటప్పుడు కాంక్రీటులో వైబ్రేటర్ పెడతాం కదా, గట్టి ముద్ద కూడా నీళ్ళలా జారుతుంది. అక్కడ బురద అలాగే జారిపోతోంది! నున్నగా నడిచేదైతే చువ్వలాగే ఇరుక్కుపోయేది!"

"నాయుడు గారూ!" అని మందాకిని అరిచింది. ఆయన దూరంగా రాయి మీద కూర్చుని ఉన్నాడు. ఆమె పరిగెత్తుకెళ్ళి ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది. ఆయన చెయ్యి పైపు మీద పెట్టింది. లోపలి వణుకు, బయటి వణుకు ఒకే లెక్కన సాగుతున్నాయి.

ముప్ఫై ఏడున్నర. ముప్ఫై ఎనిమిది. ఉన్నట్టుండి పైపు లోపలి నుంచి సన్నటి ఈల వినిపించింది. గాలి! బోలు గొట్టంలోంచి గాలి పోతోంది. పంపు తిప్పారు. ఈల గట్టిపడింది. ఇస్మాయిల్ పైపు మీద మూడుసార్లు సుత్తితో కొట్టాడు.

కింద నుంచి, ఎంతో లోతు నుంచి, టక్. టక్. టక్.

కొండ మీద అరుపులు మిన్నుముట్టాయి. ఇళ్ళవాళ్ళు అడ్డంగా కట్టిన తాడు దాటి వచ్చేశారు, ఎవరూ ఆపలేదు. మందాకిని పోలినాయుడిని కావలించుకుంది. ఇస్మాయిల్ హెల్మెట్ తీసి అందులో ముఖం దాచుకున్నాడు.

వణుకు ఆపితే బురద మళ్ళీ గట్టిపడుతుంది కాబట్టి కరెంటు ఆపలేదు. ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా అది వణుకుతూనే ఉంది. దానిలోంచి గాలి వెళ్ళింది, గ్లూకోజు నీళ్ళు వెళ్ళాయి. ఇళ్ళవాళ్ళు పైపుకి నోరు ఆనించి పిలిచిన పిలుపులూ వెళ్ళాయి. భార్గవ రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి ప్రదర్శన రద్దు చేశానని పొడిగా చెప్పాడు. రెండోసారి, "లోపలివాళ్ళు ఎలా ఉన్నారు?" అని అడిగాడు. ఎరుకలోహం మళ్ళీ కుదురుతుందో లేదో ఎవరికీ తెలీదు. మందాకిని రాయి మీద కూర్చుని దాని గురించి ఆలోచించబోయింది. ఆలోచన నిలవలేదు. పక్కనే పోలినాయుడు కూర్చుని నిద్రపోతున్నాడు, వణికే చేతులు ఒళ్ళో వదిలేసి.

ఆ మధ్యాహ్నం రెండు గంటలకి పక్క సొరంగం అవతలికి చేరింది. ఒక్కొక్కరినే బయటికి తెచ్చారు. ఐదుగురు స్ట్రెచర్ల మీద వచ్చారు. ఆరోవాడు కొర్రా సుక్రు, కొండ అవతలి ఊరి మనిషి, నడిచి వచ్చాడు. వెలుతురు పడక కళ్ళకి గుడ్డ కట్టుకున్నాడు. ఆ లోహపు గొట్టాన్ని గుండెకి ఆనించి పట్టుకున్నాడు. తీగ తెగింది కాబట్టి అది ఇప్పుడు కదలడం లేదు. ఎవరో తీసుకోబోతే ఇవ్వలేదు.

"ఇది ఎవరిది?" అని అడిగాడు. "ఎవరిదో వాళ్ళకే ఇస్తాను."

మందాకిని దగ్గరికి వెళ్ళింది. "నేను చేశానన్నా. లోపల ఎలా ఉంది? గాలి సరిగ్గా అందిందా?"

"అందింది." "చీకటమ్మా. మా చెయ్యి మాకే కనబడలేదు. పైనుంచి ఇది దిగి నా చెంప తాకింది. పాము అనుకున్నాను. పట్టుకుంటే గడగడా వణుకుతోంది. అబ్బ, ఇది కూడా మాలాగే భయపడుతోంది అనుకున్నాం. భయపడుతూ కూడా ఇంత లోపలికి వచ్చింది కదా అని, వదల్లేదు. ఆరుగురం వంతులేసుకుని పట్టుకుని కూచున్నాం. ఏం కాదులే, ఏం కాదులే అని దానికే చెప్పాం."

మందాకిని పోలినాయుడి మోచెయ్యి పట్టుకుని ముందుకి తెచ్చింది. గొట్టం అందుకోవడానికి ఆయన చెయ్యి చాపాడు.

కళ్ళకి గంతలున్న సుక్రు గొట్టం ఇవ్వబోయి, ఆ చెయ్యి తగలగానే ఆగిపోయాడు. మెల్లగా దాన్ని తన రెండు చేతుల మధ్యకి తీసుకున్నాడు. వేళ్ళ నుంచి మణికట్టు దాకా తడిమి చూశాడు. కాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"నువ్వేనా?" అన్నాడు. "లోపలికి వచ్చింది నువ్వేనా?"

పోలినాయుడు ఏడు నెలల్లో మొదటిసారి చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

"నానేరా నాయనా," అన్నాడు.